ఒక జీపులో ముగ్గురు మాజీలు

ఆ రోజుల్లో మా పడమటి పల్లెలకు ఎమ్మెల్యే వస్తున్నాడంటే ముందు దుమ్ము కనిపించేది, తర్వాత జీపు కనిపించేది, ఆ తర్వాత మా నాయన తలగుడ్డ విప్పి భుజాన వేసుకోవడం కనిపించేది. ఎమ్మెల్యే మాత్రం నాకెప్పుడూ సరిగ్గా కనిపించలేదు. పెద్దవాళ్ళ నడుముల మధ్య సందులోంచి ఒక తెల్లచొక్కా చెయ్యి, దాని గడియారం, ఒక్కోసారి చెప్పులు. అంతే. అయినా ఆ చెయ్యి పైకి లేచి ఊగితే నా ఒళ్ళు ఝల్లుమనేది. రాచర్ల దగ్గర మా ఊళ్ళో కాలాన్ని సంవత్సరాలతో చెప్పే అలవాటు లేదు, ఎమ్మెల్యేలతో చెప్పుకునేవాళ్ళు. మా అక్క బస్సులాయన గెలిచిన ఏడు పుట్టింది, నేను బోరింగులాయన రెండోసారి గెలిచినప్పుడు పుట్టాను, మా తమ్ముడికి బారసాల చేసేటప్పటికి కాలవాయన వచ్చేశాడు. (వీళ్ళ అసలు పేర్లు రాయను. నియోజకవర్గం పేరూ రాయను. ఇటు మార్కాపురం, అటు గిద్దలూరు, మధ్యలో ఎక్కడో అనుకోండి. ఇప్పటికీ వాళ్ళ మనుషులు నన్ను బజార్లో పలకరిస్తుంటారు, ఆ పలకరింపులు నాకు కావాలి.)

బస్సులాయన మా ఊళ్ళకు మొదటిసారి బస్సు తెచ్చిన మనిషి. ఆ బస్సు మా ఊరికి వచ్చిన రోజు మా అవ్వ దానికి హారతి ఇచ్చి, దిష్టి తీసి, కండక్టరు చేతిలో బెల్లం ముక్క పెట్టిందట. ఆ తర్వాత ఆయన్ను ఓడించి వచ్చిన బోరింగులాయన ఊరూరా బోర్లు వేయించి, ప్రతి బోరింగు దగ్గరా మొదటి కొట్టుడు తానే కొట్టేవాడు. ఆయన్ను ఓడించి వచ్చినాయన కాలవాయన. కాలవ తెచ్చినందుకు కాదు ఆ పేరు, తెస్తానన్నందుకు. వచ్చే ఏటికి కాలవ, ఆ పై ఏటికి వరి అని ఆయన చెప్తుంటే మా నాయన కందిచేను గట్టు మీద నిలబడి వరి నాటే కూలీలు ఎక్కడ దొరుకుతారా అని నిజంగానే ఆలోచించాడు. ఆయన్నీ ఓడించి కొత్తాయన ఒకాయన వచ్చాడు. ఒకర్నొకరు ఓడించుకుంటూ వచ్చిన ఈ వరసంతా మా ఇంట్లో పురాణంలాగా నడిచేది.

నేను చదువు ముగించి, మా ఊరికి దగ్గర్లోనే ఒక జూనియర్ కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా చేరాను. సబ్జెక్టు సివిక్స్. శాసనసభ, దాని నిర్మాణం, సభ్యుల అర్హతలు, విధులు అని బోర్డు మీద రాసి, గీతలు కొట్టి, చేతికంటిన సుద్ద దులుపుకునేదాన్ని. ఎమ్మెల్యే గురించి నాకు తెలియనిదంటూ లేదు, ఎమ్మెల్యే ముఖం తప్ప. అట్లాంటి సమయంలో కాలేజీ వార్షికోత్సవం వచ్చింది. ఈ కాలేజీకి అనుమతి తెచ్చింది బస్సులాయన, స్థలం ఇప్పించింది బోరింగులాయన, భవనం కట్టించింది కాలవాయన. కాలేజీ ఎవరిదని అడిగితే ముగ్గురూ ఎవరికి వారు నాదే అనేవాళ్ళు. ఇప్పుడు కొత్తాయన వచ్చి సైన్సు ల్యాబు ప్రారంభిస్తాడు. ‘నలుగుర్నీ ఒకే వేదిక మీద కూర్చోబెడితే ఎట్లా ఉంటుంది?’ అని మా ప్రిన్సిపాల్ గారికి ఒక ఉదయం బుద్ధి పుట్టింది. ఆయన మంచి మనిషి. మెడ చుట్టూ చేతిరుమాలు కట్టుకుని, ప్రతి మాటకూ ముందు ఒకసారి నిట్టూర్చేవారు.

ముగ్గురికీ ‘మీకు బండి పంపుతాం’ అని మాటిచ్చేశారు. ఎవరికీ మిగతా ఇద్దరి సంగతి చెప్పలేదు. మూడు కార్లు మాట్లాడారు కూడా. కానీ అది మాఘమాసం, పెళ్ళిళ్ళ రోజులు. ముందురోజు సాయంత్రానికి రెండు కార్లు పెళ్ళివాళ్ళు ఎత్తుకుపోయారు. మిగిలింది ఒక పాత జీపు, దాని డ్రైవరు. ఆ డ్రైవర్ని ఊరంతా జీపుమామ అనేవాళ్ళు. ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి నిట్టూర్చి, "అమ్మా, నువ్వు పోయి ముగ్గుర్నీ తీసుకొచ్చేయ్" అన్నారు. "నేనా సార్?" అన్నాను. "నువ్వు సివిక్స్ కదమ్మా. ఎమ్మెల్యేలు నీ సబ్జెక్టే" అన్నారు. గెస్ట్ లెక్చరర్ల కొనసాగింపు ఆ ఏడాది చివర ఆయన సంతకం మీద ఉంది. నేను తల ఊపాను.

తెల్లవారుతూనే జీపు మార్కాపురం వెళ్ళింది. బస్సులాయన అక్కడ కూతురింట్లో ఉంటున్నాడు. ఎనభై దాటిన మనిషి, ఖద్దరు పంచె, చేతికర్ర. గుమ్మంలోంచి బయటికి వస్తుంటే నా రెండు చేతులూ వాటంతటవే కలిసిపోయాయి. నేను బట్టీపట్టి తెచ్చుకున్న ఆహ్వానవాక్యం "నమస్కారమండీ, మా కళాశాల..." దగ్గరే ఆగిపోయింది. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఎవరి బిడ్డవమ్మా?" అన్నాడు. చెప్పాను. "మీ యవ్వ బస్సుకు హారతిచ్చింది" అన్నాడు. ముందు సీట్లో కూర్చోబెట్టి, కర్ర అందించి, వెనక్కి పోయి కూర్చుని దారిపొడుగునా ఆయన మెడ వెనకభాగాన్ని భక్తితో చూస్తూ ఉన్నాను.

బోరింగులాయన ఊరు కంభానికి ఇవతల. గంజి పెట్టిన బట్టలు, మెలితిప్పిన మీసం, వయసు డెబ్భై ఉన్నా నడక మాత్రం పెళ్ళికొడుకు నడక. జీపు తలుపు మీద చెయ్యి వేసి, ముందు సీట్లో ఎవరున్నారో చూసి, కాల్చుకున్నట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇద్దరికీ మాటల్లేక చాలా ఏళ్ళయిందట. ఒకప్పుడు బస్సులాయన జీపులో వెనక సీట్లో తిరిగిన మనిషే ఈయన. ఓడించిన తర్వాత ఎదురుపడటమే మానుకున్నారు. "నేను నా బండిలో వస్తా పా" అన్నాడు నాతో. లోపల్నుంచి ఆయన భార్య, "నీ బండి పిల్లోడు పెండ్లికి ఏసకపాయె గదయ్యా!" అని అరిచింది. ఆయన కాసేపు ఆకాశం చూశాడు, కాసేపు మీసం చూసుకున్నాడు, ఆ తర్వాత వెనక సీట్లో నా పక్కన కూర్చున్నాడు. ముందు సీటాయన గాఢనిద్రలో ఉన్నట్టు కళ్ళు మూసుకున్నాడు. (నిద్ర కాదు. కనుబొమ్మలు కదులుతూనే ఉన్నాయి.)

కాలవాయన కంభంలో రోడ్డు పక్కనే నిలబడి ఉన్నాడు. జుట్టుకు నల్లరంగు, రెండు చేతుల్లో రెండు సెల్‌ఫోన్లు. జీపు లోపలికి తొంగి చూసి, ఒక ఫోను చెవికి పెట్టుకుని, "ఆ... ఆ... నేను మళ్ళ మాట్లాడతా" అన్నాడు. అవతల ఎవరూ లేరని నాకు తెలుసు, అక్కడ సిగ్నలే లేదు. ఎక్కాడు. వెనక సీట్లో ఆయన ఒక చివర, బోరింగులాయన ఇంకో చివర, మధ్యలో నేను. మా నియోజకవర్గం చరిత్ర మొత్తం ఒక జీపులో ఉంది, ఎవరూ మాట్లాడటం లేదు. జీపుమామ మాత్రం అద్దంలోంచి నన్ను చూసి కన్ను గీటాడు.

ఇంకో రెండు మలుపులు తిరిగామో లేదో, ముందు లారీలు ఆగి ఉన్నాయి. శ్రీశైలం పోయి వస్తున్న మాలధారుల బస్సు ఒకటి ఆగి ఉంది. వాటికి అవతల రోడ్డుకు అడ్డంగా ప్లాస్టిక్ బిందెలు. ఆకుపచ్చవి, పసుపువి, నీలంవి, అన్నీ ఖాళీవి. వాటి వెనక ఆడవాళ్ళు. "అయిపాయె మేడమ్, రాస్తారోకో" అన్నాడు జీపుమామ. సభ పదిగంటలకు. కొత్తాయన సభ. ప్రిన్సిపాల్ గారి సంతకం.

జీపుమామ దిగి, "కాలేజీ బండి తల్లీ, పిల్లల ఫంక్షను, ఇడ్చిపెట్టండి" అని బతిమాలాడు. ఒక పెద్దామె ఎర్రబిందె చంకన పెట్టుకుని జీపు దగ్గరికొచ్చింది. ఆమె పేరు నాకు ఇప్పటికీ తెలియదు, నాకు ఎప్పటికీ ఎర్రబిందె పెద్దమ్మే. వెనక కిటికీలోంచి తొంగి చూసి, "ఇదేందే! కాలవాయన!" అంది. ఇటు తిరిగి, "ఓయమ్మో, బోరింగన్న గూడా ఉండాడే!" అంది. ముందుకు పోయి, కళ్ళు చిట్లించి, "బస్సుల పెదనాయన! ఇంకా ఉండాడా!" అంది.

"ఉండా తల్లీ, ఉండా" అన్నాడు బస్సులాయన చటుక్కున కళ్ళు తెరిచి. ఆయనకు చెవుడని చెప్పిందెవరో.

ఆమె వెనక్కి తిరిగి గొంతెత్తింది. "ఒసే, అందరూ ఇట్ల రాండే! ఒక్కరి కోసం పోతే ఊర్లో లేడంటారు. ఈ పొద్దు ముగ్గురూ ఒక్క జీపులో దొరికినారు. కదలనీయబాకండి!" క్షణంలో జీపు చుట్టూ బిందెలు పేర్చేశారు. ముందుకు పోవడానికి లేదు, వెనక్కి పోవడానికి లేదు.

ఊళ్ళో బోరు మోటరు కాలిపోయి నెల దాటింది. బాగుచేస్తామని తీసుకుపోయిన మోటరు తిరిగి రాలేదు. ట్యాంకరు ఒకరోజు వస్తే మూడు రోజులు రాదు. ఇదీ సంగతి. బోరింగులాయన దిగి, "ఈ బోరు ఎవరేసినారు? నేనెయ్యలే?" అన్నాడు మీసం మీద చెయ్యేసి. "నువ్వే ఏసినావన్నా, కాదనలే. నీళ్ళేవి?" అంది పెద్దమ్మ. కాలవాయన మెత్తగా, "అక్కా, ఆ కాలవ ఒక్కటి వచ్చిందంటే..." అని మొదలుపెట్టాడు. "ఆ మాటెత్తబాక తమ్ముడా. నువ్వు కాలవన్న నాడు నా మనవరాలికి గౌను. ఇప్పుడు దాని బిడ్డకు గౌను" అంది. ఆడవాళ్ళు విరగబడి నవ్వారు. లారీ డ్రైవర్లు నవ్వారు. బస్సులాయన కూడా ముందు సీట్లో భుజాలు కదిలేటట్టు నవ్వడం నేను చూశాను.

అంతలో ఆమె దృష్టి నా మీద పడింది. "నువ్వెవరు పాపా? వీళ్ళ బిడ్డవా?"

"కాదండీ. సివిక్స్ లెక్చరర్ని."

"అంటే ఏంది?"

"ఎమ్మెల్యేల గురించి పిల్లలకు చెప్తాను."

"అట్లనా! అయితే చెప్పు. ఎమ్మెల్యే పనేంది?"

అన్ని బిందెలూ, ముగ్గురు మాజీలూ, రెండు లారీల డ్రైవర్లూ, మాలధారులూ నా వైపు చూశారు. నాకు ఎక్కడలేని వృత్తిధర్మం పొంగుకొచ్చింది. జీపు దిగి, క్లాసులో నిలబడినట్టే నిటారుగా నిలబడి, "శాసనాలు చేయడం, బడ్జెటును ఆమోదించడం, కార్యనిర్వాహక శాఖను అదుపులో ఉంచడం" అని గడగడా అప్పజెప్పాను. పెద్దమ్మ నన్ను ఎగాదిగా చూసి ఎంతో జాలిగా, "ఈ పిల్లకు నీడన ఏదన్నా తాగేదానికి ఇయ్యండే, ఎండకొట్టినట్టుంది" అంది. (మాలధారుల్లో ఒకాయన నిజంగానే మజ్జిగ ప్యాకెట్టు తెచ్చిచ్చాడు. తాగాను.)

ఇక లాభం లేదని కాలవాయన రంగంలోకి దిగాడు. అందరికీ కనిపించేటట్టు గట్టెక్కి, పెద్ద ఫోను తీసి, నీళ్ళ ఆఫీసుకు కలిపాడు. చేతి తడబాటులో స్పీకరు ఆన్ అయింది. "ఆ, నేను మాట్లాడుతుండా" అన్నాడు గంభీరంగా. "నేనంటే ఎవరండీ?" అంది అవతలి గొంతు. ఆయన పేరు చెప్పాడు. "ఏ ఊరండీ?" ఆయన గొంతు కొంచెం తగ్గించి, "ఎమ్మెల్యేని... మాజీ" అన్నాడు. "ఏ మాజీ అండీ? సార్ మీటింగులో ఉన్నారు, మళ్ళీ చెయ్యండి." ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన ఫోను జేబులో పెట్టుకుని గట్టు దిగాడు. రంగేసిన జుట్టు కింద ఆ ముఖం ఒక్కసారిగా మా నాయన వయసు మనిషి ముఖమైపోయింది. ఆ క్షణందాకా ఆయన్ను చూసి బిక్కుబిక్కుమన్న నాకు మొదటిసారి జాలి కలిగింది.

అప్పుడు ముందు తలుపు తెరుచుకుంది. బస్సులాయన కర్ర కింద పెట్టి, నా భుజం పట్టుకుని దిగాడు. బిందెల మధ్య నుంచి నడిచి రోడ్డు నడిమికి పోయాడు. భుజం మీది తువ్వాలు తీసి తారు మీద పరిచాడు. "మంచం తేండే, మంచం!" అని ఎవరో పరుగెత్తబోతే వద్దని చెయ్యి ఊపాడు. మెల్లిగా, ఒక్కో మోకాలూ మడిచి, కూర్చున్నాడు. "మోటరొచ్చి నీళ్ళు పడేదాకా నేనూ లేయను తల్లీ" అన్నాడు.

హారన్లు కొడుతున్న లారీలు ఆపేశాయి. ఎవరు చెప్పారో తెలియదు. అంత ముసలాయన అంత నెమ్మదిగా ఆ నల్లటి రోడ్డు మీద కూర్చోవడం చూస్తుంటే, చిన్నప్పుడు పెద్దవాళ్ళ నడుముల మధ్య సందులోంచి చూసినప్పటి జలదరింపే మళ్ళీ కలిగింది. ఈసారి చెయ్యి మాత్రమే కాదు, మనిషి మొత్తం కనిపిస్తున్నాడు.

బోరింగులాయన ఇదంతా చూశాడు. చూసి, గంజి పంచె ఎగదోపి, పోయి ఆయన పక్కనే, ఒక జానెడు ముందుకు జరిగి కూర్చున్నాడు. (జానెడైనా ముందు ఉండాలి కదా.) కాలవాయన తన తెల్ల ప్యాంటు చూసుకున్నాడు, తారు చూశాడు, చేతిరుమాలు పరిచి దాని మీద కూర్చున్నాడు. నా కొత్త చీర కూడా వాళ్ళ వెనక తారు మీదికి చేరింది. సరిగ్గా అప్పుడే నా ఫోను మోగింది.

"అమ్మా, ఎక్కడున్నారు?"

"రోడ్డు మీద సార్."

"అది తెలుసులే. రోడ్డు మీద ఏం చేస్తున్నారు?"

"రాస్తారోకో సార్."

ప్రిన్సిపాల్ గారు నిట్టూర్చలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

ఎండ పైకెక్కుతోంది. మొదట్లో ముగ్గురూ మూడు దిక్కులు చూశారు. ఎంతసేపని చూస్తారు? మొదట బోరింగులాయనే నోరు విప్పాడు. "మోకాళ్ళు నొప్పులా అన్నా?"

"నీకూ వచ్చినాయా?" అన్నాడు బస్సులాయన.

"వచ్చినాయి."

"మంచిదాయె."

"ఆ ఎలక్షన్లో నువ్వు నన్ను ఓడించినావు చూడు" అన్నాడు బస్సులాయన, నిన్నటి సంగతిలాగా. "నేనేడ ఓడించినానన్నా, జనం ఓడించినారు." "ఆ జనాన్ని జీపుల్లో తోలకొచ్చింది నువ్వే గదరా?" బోరింగులాయన తల వంచుకుని, తారు మీద గులకరాయి ఒకటి తీసి పక్కన పెట్టి, "ఆ జీపులు పోయే రోడ్లు నువ్వేసినయ్యే గదన్నా" అన్నాడు. బస్సులాయన ఆయన్ను చాలాసేపు చూశాడు. తర్వాత తన తువ్వాలులో సగం ఆయన వైపు లాగి పరిచాడు. కాలవాయన వాళ్ళిద్దర్నీ చూస్తూ, "నన్ను మాత్రం ఎవరూ ఏమీ అనరే" అన్నాడు చిన్నబోయినట్టు. "నిన్ను ఆయమ్మ అన్నది చాల్లే" అన్నాడు బోరింగులాయన. ముగ్గురూ నవ్వారు. నేను వాళ్ళ వెనక కూర్చుని మజ్జిగ ప్యాకెట్టు నలుపుతూ, పుస్తకాల్లో లేని పాఠం వింటున్నట్టు, ఒక్క మాటా జారిపోకుండా విన్నాను. చుట్టూ చేరిన ఆడవాళ్ళలో ఒకామెను చూసి బస్సులాయన, "నువ్వు గొర్రెలాయన చిన్నకూతురువు గదా? మీ నాయన ఒక గొర్రెపిల్లను సంకలో పెట్టుకోని నా బస్సెక్కినాడు, కండక్టరు టికెట్టు అడిగినాడు" అన్నాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. వాళ్ళ నాయన పోయి చాలా కాలమైందట.

అంతలో లారీల వెనక పెద్ద హారన్లు. తెల్లకార్లు. కొత్తాయన మా సభకే వస్తూ ఇరుక్కున్నాడు. గన్‌మన్‌లు ముందు దిగి, "జరగండి, జరగండి" అంటూ లారీల మధ్య నుంచి దారి చేశారు. కొత్తాయన ముప్పై అయిదేళ్ళ మనిషి, విసురుగా నడుచుకుంటూ వచ్చాడు, ఏదో అనడానికి నోరు తెరిచాడు. రోడ్డు మీద కూర్చున్నవాళ్ళు ఎవరో అప్పుడు కనిపించింది. నోరు మూసుకున్నాడు. ఆ విసురు నడక కాస్తా మెత్తబడి, గుళ్ళోకి పోయే నడకైంది. గన్‌మన్‌లు ఎవర్ని జరగమనాలో తెలియక ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆయన నేరుగా వచ్చి బస్సులాయన కాళ్ళకు వంగాడు.

"కాళ్ళు మళ్ళ పట్టుకుందువులే నాయనా, ముందు ఫోను పట్టుకో" అన్నాడు బస్సులాయన.

కొత్తాయన ఫోను చేశాడు. అదే నీళ్ళ ఆఫీసు. ఈసారి స్పీకరు లేకుండానే "సార్, సార్, సార్" అనడం మాకు వినిపించింది. కాలవాయన తన రెండు ఫోన్లనూ తీసి చూసుకుని మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు. కొత్తాయన ఫోను పెట్టేసి, "మోటరు కంభం నుంచి బయల్దేరుతుంది పెద్దాయనా. నేను చూసుకుంటా. మీరు లేవండి, వస్తుంది" అన్నాడు.

"వస్తుంది అనే మాట మేం ముగ్గురం చెప్పినాం నాయనా" అన్నాడు బస్సులాయన. "నువ్వన్నా వచ్చింది అని చెప్పు."

కొత్తాయన చెప్పులు విడిచి, కాలవాయన పక్కన కూర్చున్నాడు. మాలధారులు వచ్చి వాళ్ళ ముందు నిలబడి, దండం పెట్టాలా వద్దా అని తటపటాయించి, చివరికి పెట్టేశారు. దేవుడి దగ్గర్నుంచి వచ్చేవాళ్ళను ఆపకూడదని ఎర్రబిందె పెద్దమ్మే ఒక పక్క బిందెలు జరిపించి వాళ్ళ బస్సునూ లారీలనూ పంపించింది. మా జీపు చుట్టూ ఉన్నవి మాత్రం కదపనివ్వలేదు. నేను ఆ నలుగురి వీపులూ చూస్తూ కూర్చున్నాను. మా అవ్వ ఓటేసినాయన, మా నాయన ఓటేసినాయన, మా నాయనకు వరి ఆశ పెట్టినాయన, నేను మొదటి ఓటు వేసినాయన. ఒక కొస నుంచి ఇంకో కొసకు మా ఇంటి కథంతా తారు మీద వరసగా కూర్చుని ఉంది. ఇంత పెద్దవాళ్ళు ఇంత చిన్న చోటులో పట్టడం నాకు ఎంతో వింతగా అనిపించింది.

మోటరు ట్రాలీ ఆటోలో, రోడ్డు పక్కనే ఉన్న బోరు దగ్గరికి వచ్చింది. ఇక బోరింగులాయన్ను పట్టుకునేవాళ్ళు లేరు. పంచె ఎగ్గట్టి, "పైపు ఇట్ల, తాడు అట్ల, ఒరేయ్ దించండిరా మెల్లిగా, అది మోటరు, బండరాయి గాదు!" అని మెకానిక్కులను అదిలిస్తూ తాను కూడా తాడు పట్టాడు. స్విచ్చి వేశారు. పైపు దగ్గింది, గాలి ఊదింది, ఎర్రమట్టి నీళ్ళు కక్కింది, ఆ తర్వాత తెల్లగా దూకింది. ఆడవాళ్ళు ఈలలు వేశారు. (వేశారండీ, నేను విన్నాను.) బోరింగులాయన తడిసిన మీసం తుడుచుకోలేదు. కాలవాయన పైపు దగ్గరికి పోయి ఆ ధార కింద చెయ్యి పెట్టి అట్లాగే నిలబడ్డాడు, ఎంతకీ తీయలేదు. నలుగురికీ దాహంగా ఉంది. కొత్తాయన గన్‌మన్ ఒకడు చెంబు పట్టుకుని ముందుకు వస్తే ఎర్రబిందె పెద్దమ్మ అడ్డం నిలబడింది. "బిందెలు నిండినాక మీకు" అంది. నలుగురు ఎమ్మెల్యేలూ బిందెల వెనక వరసలో నిలబడి తాగారు. నేను అయిదో దాన్ని.

బయల్దేరేటప్పుడు ముందు సీటు దగ్గర మళ్ళీ గొడవైంది. "నువ్వు కూచో అన్నా." "వద్దులేరా, నేనూ ఎనకే వస్తా, మాట్లాడుకుంటా పోదాం." ముగ్గురూ వెనకెక్కేశారు. ముందు సీట్లో నేను. ఊళ్ళ మీదుగా పోతుంటే ఆ జీపును చూసి జనం లేచి దండాలు పెట్టారు. ముందున్నది నేనే కాబట్టి అవన్నీ నాకే తగిలాయి. నేను బిగుసుకుపోయి ప్రతి దండానికీ తిరిగి దండం పెడుతుంటే జీపుమామ, "మేడమ్, చెయ్యి ఊపండి. దండం పెడితే ఓడిపోతారు" అన్నాడు.

మేము చేరేటప్పటికి మధ్యాహ్నం వాలిపోయింది. షామియానా సగం విప్పేశారు. పులిహోర అయిపోయింది. పిల్లలు సగానికి సగం ఇళ్ళకు పోయారు. ప్రిన్సిపాల్ గారు మెడకు కట్టుకున్న రుమాలు విప్పి చేత్తో పట్టుకుని మెట్ల మీద కూర్చుని ఉన్నారు. నలుగురూ కలిసి కబుర్లాడుకుంటూ జీపులోంచి, కార్లోంచి దిగడం చూసి లేచి నిలబడ్డారు, ఆ తర్వాత నా వైపు చూశారు, ఏం చేశావమ్మా అన్నట్టు. నేనేం చేశాను? కూర్చున్నానంతే. ల్యాబు రిబ్బను నలుగురూ ఒకే కత్తెర పట్టుకుని కత్తిరించబోయారు. అది తెగక, చివరికి బోరింగులాయన చేత్తో పుటుక్కున తెంపాడు. ఏడాది చివర ప్రిన్సిపాల్ గారి సంతకం నాకు దక్కింది.

ఆ సాయంత్రం ఇంటికి పోయి, నాయన గొర్రెలకు నీళ్ళు పెడుతుంటే పక్కన చేరి అంతా చెప్పాను. ఎవరు ఎవరి పక్కన కూర్చున్నదీ, ఎవరి తువ్వాలు ఎవరికి పరిచిందీ, గులకరాయితో సహా చెప్పాను. నాయన నోరు కొంచెం తెరుచుకుని విన్నాడు. "నలుగురూ కింద కూచున్నారా? తారు మీద?" అని రెండుసార్లు అడిగాడు. "ఇంక వాళ్ళు కొట్లాడుకోరు నాయనా. మన నియోజకవర్గం ఇంక మారిపోతుంది, చూడు" అన్నాను. నాయన తొట్టిలో నీళ్ళు పోస్తూ నవ్వాడు. "కొట్లాడుకోకుంటే ఎట్ల బిడ్డా? ఆయనకు పోటీగా గదా ఈయన బోర్లేసింది?" అన్నాడు. నాకు కోపం వచ్చింది. చదువుకోని మనిషి, ఏం తెలుసు అనుకున్నాను.

తర్వాతి ఎన్నికల్లో ముగ్గురూ మూడు పక్కల నిలబడి, కొత్తాయన నాలుగో పక్కన నిలబడి, మైకుల్లో ఒకర్నొకరు తిట్టుకున్నారు. గిద్దలూరు బజార్లో కూరగాయల సంచితో నిలబడి విన్నాను. బస్సులాయన వేసిన రోడ్లన్నీ గుంతలేనని బోరింగులాయన అన్నాడు. బోరింగులాయన వేసిన బోర్లన్నీ ఎండిపోయాయని బస్సులాయన అన్నాడు. కొత్తాయన వంతు దాకా వినలేక ఆటో ఎక్కేశాను. ఇప్పుడు బస్సులాయన లేడు. ఎన్నో ఎన్నికలైపోయాయి, కొత్తాయన కూడా మాజీ అయ్యాడు, నా తలలోనూ తెల్లవెంట్రుకలు వచ్చాయి, ఉద్యోగం పర్మనెంటయింది. నాయన ఆ రోజు చెప్పిన మాటే నిజమని ఒప్పుకోవడానికి నాకిప్పుడు కష్టం లేదు. కానీ అప్పుడప్పుడు, స్టాఫ్‌రూములో ఎవరో రాజకీయాలు మాట్లాడుతుంటే, గొర్రెల తొట్టి పక్కన తారు అంటిన కొత్త చీరతో నిలబడి, కళ్ళు మెరుస్తూ, రేపటి నుంచి లోకం మారిపోతుందని అంత నమ్మకంగా చెప్పిన ఆ ఇరవై మూడేళ్ళ పిల్ల గుర్తొస్తుంది. దాన్ని చూసి నవ్వొస్తుంది. ఆ పిల్ల చెప్పింది తప్పే. అయినా, అంత నమ్మకంగా ఒక్క మాటైనా చెప్పడం ఇప్పుడు నాకు చేతకావడం లేదు.